ఎడమ నుంచి మూడో బొమ్మకు పట్టింది దుమ్ము కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పాత ఫాంటసీ మినియేచర్లకు, అంటే వీరులు, మాంత్రికుల బుల్లి లోహపు బొమ్మలకు, రంగులేసే హాబీ మీద గత ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంగా, రెండోసారి టెన్షన్‌గా. కథనంతో పాటు వేసిన ఫొటోలో ఏడు బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. అందులో ఎడమ నుంచి మూడోది డాలు పట్టుకున్న మరుగుజ్జు యోధుడు. వాడి బూట్ల చుట్టూ, గడ్డం మడతల్లో తెల్లగా బూజులాంటిది కనిపిస్తోంది. ఫొటో కింద ‘ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము’ అని రాశారు. అది దుమ్ము కాదండీ. సీసం చెడిపోయి పొడి అవుతోంది. ఇక కథనం చివరి చిట్కాల్లో, ఇలాంటి బొమ్మల్ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పొద్దున సాండ్‌పేపర్‌తో రుద్దితే కొత్తవాటిలా మెరుస్తాయని ఉంది. ఆ చిట్కా ఎవరైనా పాటించేలోపే మీరు సవరణ వేయాలని ఈ ఉత్తరం.

చెప్పడానికి నువ్వెవరు అని అడగొచ్చు. పళ్ళ సెట్లు, క్యాపులు తయారు చేసే ల్యాబ్‌లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మైనం, ప్లాస్టర్, లోహం, అచ్చు, ఈ నాలుగింటితోనే నా బతుకు గడిచింది. మా అబ్బాయికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట పిచ్చి. నేలమాళిగల్లో తిరిగే వీరులు, మాంత్రికులుగా కథ ఆడుకుంటూ, వాళ్ళకు గుర్తుగా టేబుల్ మీద బొమ్మలు నిలబెట్టే ఆట అది. ఓసారి సెకండ్ హ్యాండ్‌లో డబ్బాడు లోహపు బొమ్మలు కొనుక్కొచ్చి, “అమ్మా, నీ దగ్గర సన్న డ్రిల్లు ఉంది కదా, ఈ మాంత్రికుడి చెయ్యి అతికించి పెట్టవూ” అన్నాడు. ఆ చెయ్యి అతికించాను. తర్వాత వాడు ఆటకు వెళ్ళాడు గానీ డబ్బా నా టేబుల్ మీదే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళయింది, ఇంకా అక్కడే ఉంది.

ఆ డబ్బాలో నన్ను మొదట కట్టిపడేసింది బొమ్మల అందం కాదు, వాటి పోత. చెవి పక్క నుంచి భుజం మీదుగా కాలి దాకా సన్నటి గీత ఒకటి ఉంది. రెండు ముక్కల అచ్చు కలిసిన చోటు అది. శిల్పి చేసిన అసలు బొమ్మను రెండు గుండ్రటి రబ్బరు బిళ్ళల మధ్య పెట్టి, వేడితో, ఒత్తిడితో రబ్బరును గట్టిపరుస్తారు. తర్వాత ఆ అచ్చును గిర్రున తిప్పుతూ నడిమి కంతలో కరిగిన లోహం పోస్తారు. తిరిగే ఊపుకు లోహం అంచుల దాకా పరుగెత్తి కత్తి మొన, ముక్కు కొన కూడా నింపుతుంది. మా ల్యాబ్‌లో బంగారు క్యాపులు పోసిందీ తిప్పుడు పద్ధతిలోనే. కాకపోతే మాది ఒక్కసారికే పనికొచ్చే అచ్చు, వాళ్ళది మళ్ళీ మళ్ళీ వాడుకునేది. మొత్తానికి బంధువు ఇంటికి వెళ్ళినట్టు అనిపించింది.

ఈ లోహం సంగతి కథనంలో ఒక్క ముక్కలో తేల్చేశారు, ‘పాతవన్నీ సీసమే’ అని. పూర్తిగా సీసం కాదు. సీసంలో తగరం, కొంచెం ఆంటిమొని కలిపిన మిశ్రమం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను 1974లో అచ్చు వేశారు. మరుసటి ఏడాదే అమెరికాలో రాల్ పార్థా, గ్రెనడియర్ కంపెనీలు మొదలయ్యాయి. ఆ దశాబ్దం చివర్లో ఇంగ్లాండులో సిటాడెల్ వచ్చింది. అప్పటి నుంచి 1990 దశకం మొదటి ఏళ్ళ దాకా వచ్చిన లోహపు బొమ్మల్లో చాలావాటిలో సీసం పాలు ఎక్కువ. పిల్లల ఆరోగ్యం గొడవ మొదలయ్యాక కంపెనీలు ఒక్కొక్కటే తగరం ఎక్కువున్న మిశ్రమానికి మారాయి. మీ చేతిలో ఉన్నది ఏదో తెలియాలంటే రంగు లేని అడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద మెల్లగా గీసి చూడండి. సీసం ఎక్కువుంటే పెన్సిల్ గీతలా బూడిద చార పడుతుంది. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇది నేను ప్రతి పేరాలోనూ చెప్పగలను, మీరు విసుక్కుంటారని ఊరుకుంటున్నాను.

ఇక వెనిగర్. వెనిగర్ ఆ తెల్ల పొడిని కరిగించే మాట అబద్ధం కాదు. ఈ హాబీలో తలపండినవాళ్ళు కూడా కొందరు ఆ సలహా ఇస్తారు. ముంచి తీయగానే బొమ్మ శుభ్రంగానే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. సందుల్లో, పోతలో మిగిలిన గుల్లల్లో చేరిన ఆమ్లం ఓ పట్టాన కడుగుడుకు లొంగదు. లోపలే ఉండి మళ్ళీ సీసాన్ని తినడం మొదలుపెడుతుంది. చిత్రకారులు వందల ఏళ్ళు వాడిన సీసపు తెలుపు రంగు ఎలా పుట్టేదో తెలుసా? హాలెండులో మట్టి కుండల అడుగున వెనిగర్ పోసి, దాని మీద సీసపు రేకు చుట్టలు పెట్టి, ఆ కుండల్ని పేడలో కప్పి నెలల తరబడి వదిలేసేవాళ్ళు. వెనిగర్ ఆవిరి, పేడ వేడి, పేడలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కలిసి నిగనిగలాడే సీసాన్ని తెల్లటి పొడిగా మార్చేవి. మీ చిట్కా పాటించిన పాఠకుడు పేడ ఖర్చు లేకుండా అదే పరిశ్రమ పెడుతున్నాడన్నమాట.

ఆ తెల్ల పొడి విషం. పొడిగా ఉన్నప్పుడు సాండ్‌పేపర్‌తో రుద్దితే గాల్లోకి లేచి ముక్కులోకి పోతుంది, టేబుల్ మీద పడుతుంది, ఆ టేబుల్ మీద చెయ్యి పెట్టిన పిల్లవాడి నోట్లోకి పోతుంది. ల్యాబ్‌లో నేను మాస్కు లేకుండా ఒక్క క్యాపు కూడా అరగదీయలేదు. సీసం విషయంలో మాస్కు ఉన్నా పొడిగా రుద్దను. తడిపి, మెత్తటి టూత్‌బ్రష్‌తో, గ్లౌజులు వేసుకుని తీస్తాను. మోటారు డ్రిల్లు సీసం దగ్గరికి రానివ్వను. చేత్తో తిప్పే పిన్ వైస్‌తోనే రంధ్రం చేసి, సన్న ఇత్తడి తీగ దూర్చి, తెగిన చెయ్యి నిలబెడతాను. మా అబ్బాయి అడిగిన మాంత్రికుడి చెయ్యి అలాగే నిలబడింది.

నేనూ ఒక బొమ్మను చంపుకున్నాను, అది వెనిగర్ చుక్క తగలకుండానే. చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ పలక మీద ఫోమ్ గోడలు నిలబెట్టి, చెక్కపనికి వాడే తెల్ల జిగురుతో అతికించి ఒక నేలమాళిగ గది కట్టాను. ముద్దొచ్చింది. జిగురు పూర్తిగా ఆరకముందే అందులో మూడు బొమ్మలు నిలబెట్టి, గాలాడని మూతపెట్టెలో పెట్టి బీరువాలోకి తోశాను. ఏడెనిమిది నెలల తర్వాత మూత తీస్తే ముక్కుకు పుల్లటి వాసన తగిలింది. గోబ్లిన్ మంత్రగాడి చేతికర్ర సుద్దముక్కలా తెల్లబడింది. పట్టుకుంటే విరిగింది. బొమ్మ అడుగు రేకు మీద 1985 అని పోతలోనే ఉంది. అన్నేళ్ళు ఎక్కడెక్కడో బతికి వచ్చినవాడిని నా చేతులతో నేనే ఆ గదిలో పెట్టి తాళం వేశాను.

ఎండీఎఫ్, చాలా రకాల చెక్కలు, తెల్ల జిగురు, ఇవన్నీ కొంచెం కొంచెంగా ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వదులుతాయి. వెనిగర్‌లో ఉండేది కూడా ఆ ఆమ్లమే. ఓక్ చెక్క ఈ విషయంలో మరీ పేరు మోసింది. మ్యూజియంల వాళ్ళు దీన్ని ఓడ నమూనాల దగ్గర గమనించారు. గాలాడని అద్దాల పెట్టెల్లో పెట్టిన నమూనాల మీది సీసపు సామగ్రి తెల్లబడి పొడి అయిపోతుంటే, తప్పు ఆ పెట్టెల చెక్కది, జిగురుది, రంగులది అని తేలింది. టెరైన్, అంటే ఆటకు గోడలు, గదులు, కట్టేవాళ్ళకు ఈ ముక్క ఎవరూ చెప్పరు. బొమ్మల పుస్తకంలో సీసం గురించి ఉంటుంది, టెరైన్ పుస్తకంలో జిగురు గురించి ఉంటుంది, రెండూ ఒకే పెట్టెలో పెడితే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇప్పుడు నా గదులు ఒక చోట, బొమ్మలు ఒక చోట. ఆట రోజు కలుస్తాయి, ఆట అవగానే ఎవరి దారి వారిది.

టెరైన్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కథనంలో గోడలన్నీ థర్మోకోల్ అన్నారు. థర్మోకోల్ అంటే చిన్న గుళికలు ఒకదానికొకటి అంటుకున్న తెల్ల పలక. కోస్తే గుళికలు రాలతాయి, ఇటుక గీత గీస్తే ఎలుక కొరికినట్టు ఉంటుంది. ఈ పనికి వాడేది దాని తోబుట్టువు, ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్. భవనాల గోడల్లో వేడి, చలి అడ్డుకోవడానికి వేసే పలక. కంపెనీని బట్టి గులాబీ రంగులోనో నీలంలోనో ఉంటుంది. గుళికలు ఉండవు, సబ్బు కోసినట్టు తెగుతుంది. బ్లేడుతో పైపైన గీత గీసి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో అదే గీత వెంట నొక్కుతూ పోతే రాళ్ళ మధ్య సందు పడుతుంది. అక్కడక్కడా ఒక రాయిని స్క్రూడ్రైవర్ మొనతో లోపలికి నొక్కాలి, ఇంకోదాని మూల గిల్లాలి. తర్వాత అల్యూమినియం రేకును ఉండలా నలిపి గోడ మీద దొర్లించాలి. కథనంలో ‘గట్టిగా నలపండి’ అన్నారు. గట్టిగా నలిపితే గోళీలా నున్నగా అయిపోతుంది. వదులుగా నలిపితేనే కొనలు పొడుచుకొచ్చి ఉంటాయి, రాతికి రాతి చర్మం వస్తుంది. ఒకే వైపు దొర్లిస్తే నమూనా పట్టేస్తుంది, అందుకని ప్రతి రెండు రాళ్ళకూ చేతిలో ఉండను తిప్పుతుండాలి.

స్ప్రే డబ్బాతో రంగు కొట్టమన్నారు. నేను కొట్టాను, నా మొదటి నడవా మీద. స్ప్రేలో ఉండే ద్రావకం ఫోమ్‌ను తినేస్తుంది. రెండు రాత్రుళ్ళు కూర్చుని గీసిన రాళ్ళు నా కళ్ళ ముందే కుంగి, ఎండకు పెట్టిన మైనంలా అయిపోయాయి. ముందు నల్ల ఆక్రిలిక్ రంగులో తెల్ల జిగురు కలిపి కుంచెతో పూయాలి. సందుసందుకూ కుంచె దూర్చాలి, చిన్న కంత మిగిలినా స్ప్రే అక్కడ దూరుతుంది. ఆ పూత ఆరాక ముదురు బూడిద, ఆపైన డ్రై బ్రష్. అంటే కుంచెకు లేత రంగు అద్ది, గుడ్డ మీద తుడిచి తుడిచి, ఇక రంగు లేదు అనుకున్నాక గోడ మీద తేలిగ్గా ఆడించడం. రాళ్ళ అంచులు మాత్రమే తెల్లబడతాయి. వేడి తీగతో ఫోమ్ కోసేవాళ్ళు కిటికీలు తెరిచి కోయండి. వచ్చే పొగ మంచిది కాదు.

నాకైతే ఫోమ్ కన్నా ప్లాస్టర్ దగ్గరే చెయ్యి బాగా ఆడుతుంది, కారణం వేరే చెప్పక్కర్లేదు. సిలికాన్ అచ్చుల్లో చిన్న చిన్న ఇటుకలు, పలకలు పోసి, ఆరాక ఒక్కోటీ అతికించి గోడ కట్టే పద్ధతి ఒకటుంది. హర్స్ట్ ఆర్ట్స్ అనే కంపెనీ అచ్చులు దీనికి బాగా పేరు తెచ్చాయి. మామూలు ప్లాస్టర్ 100 గ్రాములకు దాదాపు 50 మిల్లీలీటర్ల నీళ్ళు పడతాయి. పళ్ళ నమూనాలకు వాడే డెంటల్ స్టోన్‌కు 30 చాలు. నీళ్ళు తగ్గిన కొద్దీ గట్టితనం పెరుగుతుంది. నీళ్ళలో పొడి వేయాలి గానీ పొడిలో నీళ్ళు పోయకూడదు. అచ్చు కింద టేబుల్‌ను గుప్పిటతో తట్టుతూ ఉంటే బుడగలు పైకి వస్తాయి. ఇటుక వెచ్చబడిందంటే గట్టిపడుతోందని అర్థం, వేడి తగ్గేదాకా అచ్చు ముట్టుకోకండి. కొత్తగా చేరినవాళ్ళకు ల్యాబ్‌లో ఎన్నిసార్లు చెప్పానో ఈ మాట.

కొలత గురించి కథనంలో అసలు లేదు, నిజానికి అక్కడే చాలామంది దెబ్బతింటారు. పాత బొమ్మలను 25 మిల్లీమీటర్ల కొలత అంటారు. ఇప్పటివి 28, 32 దాకా పెరిగాయి, తలలు, చేతులు కూడా లావయ్యాయి. రెండింటినీ పక్కపక్కన పెడితే 1980 నాటి వీరుడు నేటి వీరుడి కొడుకులా ఉంటాడు. ఆరడుగుల మనిషి 25 మిల్లీమీటర్లంటే అంగుళానికి దాదాపు ఆరడుగులు. మొదటి రోజుల ఆట పుస్తకాలు మాత్రం నేలమాళిగలో అంగుళాన్ని పదడుగులుగా లెక్కేసేవి. ఆ లెక్కన పదడుగుల నడవా అంగుళం వెడల్పే ఉండాలి. చేతులు చాచిన బొమ్మను నిలబెడితే గోడలు వేళ్ళకు రాసుకుంటాయి. అందుకే నా నడవాలన్నీ రెండంగుళాల వెడల్పు. తలుపు ఎత్తు అంగుళంన్నర, అంతకు మించి కట్టను. ఈమధ్య దొరికే రెడీమేడ్ తలుపులు పెట్టి చూశాను, నా మాంత్రికుడు గుడి గోపురం ముందు నిలబడ్డట్టుంది.

‘కొత్తవాటిలా మెరవాలి’ అన్న మాట దగ్గర నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. పాత రంగు మందంగా, ముఖం మాసిపోయేలా ఉంటే తీసేయొచ్చు. లోహపు బొమ్మకు నేను డెట్టాల్ వాడతాను, నీళ్ళు కలపకుండా ఒక రోజు నానబెట్టి. తీశాక కడగడం కూడా డెట్టాల్‌తోనే. రంగు పూర్తిగా వదలకముందు నీళ్ళు తగిలాయంటే బంకలా సాగి బొమ్మను వదలదు. గ్లౌజులు తప్పనిసరి. ఇలా రెండు బొమ్మల రంగు తీసేశాక మూడోది చేతిలోకి తీసుకున్నాను. నీలం అంగీ తొడుక్కున్న మంత్రగత్తె. ఎనామెల్ రంగు, ఇంకా కొంచెం నిగారింపు ఉంది. అంగీ నిండా పసుపు చుక్కల నక్షత్రాలు, ఒక్కోటీ ఐదు గీతలతో. పళ్ళ ల్యాబ్‌లో వాడిన భూతద్దం పెట్టుకుని చూశాను. ముందు వైపు నక్షత్రాలన్నీ చక్కగా కుదిరాయి. వెనక వైపు, కుడి భుజం కింద ఒకదానికి మాత్రం ఆరు గీతలున్నాయి. లెక్క తప్పారో, కుంచె జారిందో. ఎవరో 40 ఏళ్ళ కింద ఊపిరి బిగబట్టి వేసిన నక్షత్రం అది. దాన్ని డెట్టాల్‌లో వేయడానికి నాకు చేతులు రాలేదు. నీటిలో తడిపిన మెత్తటి కుంచెతో మురికి తుడిచి, మ్యాట్ వార్నిష్ పలచగా ఒక్క పూత వేసి వదిలేశాను. ముందు తీసేసిన ఆ రెండింటి మీద ఏముండేదో ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా గుర్తు రావడం లేదు.

రంగు లేకుండా దొరికినవాటికి మాత్రం నా ఇష్టం నాది. కుంచె విషయంలో అందరూ చేసే పొరపాటు అన్నిటికన్నా సన్నది కొనడం. మూడు సున్నాల కుంచెలో రంగు నిలవదు, కంటి దాకా వెళ్ళేలోపు ఆరిపోతుంది. ఒకటో నంబరు కుంచె, కొన సూదిలా ఉండేది, చాలు. ముందు కన్ను, తర్వాత ముఖం. కంటి గుంటలో ముదురు గోధుమ రంగు, దాని మీద అడ్డంగా చిన్న తెల్ల గీత, మధ్యలో ఒక్క చుక్క. గీత పక్కకు పోయినా ఫర్వాలేదు, చర్మం రంగుతో చుట్టూ దిద్దుకుంటూ వస్తే కన్ను తనంతట తనే చిన్నదవుతుంది. ముఖం అంతా వేశాక చివర్లో కన్ను పెట్టబోతే, పొరపాటు జరిగిందా, ముఖం మొత్తం మళ్ళీ వేయాలి. నేను మొదటి ఏడాదంతా అలాగే వేశాను. అందుకే ఆ ఏడాది నా ఆర్క్ రాక్షసుల బొమ్మలన్నీ దెయ్యాన్ని చూసినట్టు చూస్తుంటాయి. మా అబ్బాయి స్నేహితులకు అవే ఇష్టమట.

మళ్ళీ అసలు విషయానికి వస్తాను. ఆ ఫొటోలో బొమ్మల వెనక చెక్క బీరువా, దానికి బిగుతుగా మూసుకునే అద్దం తలుపు కనిపిస్తున్నాయి. ఆ బొమ్మల యజమానికి దయచేసి ఒక ఫోన్ చేయించండి. మరుగుజ్జును బీరువాలోంచి తీయాలి. మిగతా ఆరింటినీ కూడా తీయాలి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు గానీ, ఏడూ పీలుస్తున్నది ఒకే గాలి. గ్లౌజులు వేసుకుని, తడిపిన మెత్తటి బ్రష్‌తో పొడి తీసి, వెంటనే బాగా ఆరబెట్టి, రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత పలచగా పట్టించాలి. తుడిచిన గుడ్డను ఉతికి మళ్ళీ వాడొద్దు, పారేయాలి. తర్వాత బొమ్మలు గాలాడే లోహపు అరలో ఉండాలి. తేమ తగలకూడదు. తిన్న సీసం తిరిగి రాదు. బూట్లు కొంచెం అరిగినా మనిషి నిలబడతాడు, ఫొటోలో చూసినంత వరకు గడ్డం ఇంకా గట్టిగానే ఉంది.

సవరణ చిన్నదైనా ఫర్వాలేదు, కానీ చిట్కాలు వేసిన పేజీలోనే వేయండి. వీలైతే ఆ మరుగుజ్జు డాలును దగ్గరగా ఫొటో తీయించి పక్కన పెట్టండి. దాని మీద ఏదో జంతువు తల చెక్కి ఉంది, మీ ఫొటోలో పక్కవాడి గొడ్డలి అడ్డొచ్చి సగమే కనిపిస్తోంది. సింహమో, పందో, మూడు రోజులుగా భూతద్దం పెట్టి చూస్తున్నా తేలడం లేదు.

ఇట్లు,
పళ్ళ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మీ పాఠకురాలు